దేవర అడిగినప్పుడు

హనుమకొండ కాలేజీలో, మెట్ల కింది గదిలో
మూడు ఇనుప బీరువాలు నా ఉద్యోగం.
నాఫ్తలీన్ ఉండలు మార్చడం,
ఊడిన తొడిమెకు జిగురు పెట్టడం,
పిల్లలు ప్రాక్టికల్స్‌కి తీసిన మొక్కల్ని
మళ్లీ వాటి కుటుంబాల్లో పడుకోబెట్టడం.

ప్రతి కాగితం మీదా ఓ ఎండిన కొమ్మ,
కుడి మూలన చిన్న చీటీ:
పేరు, ఊరు, ఏడాది, ఉపయోగం.
దగ్గుకు. తేలుకాటుకు. బాలింతలకు.
గొర్లు తినవు. కంచెకు మంచిది.

రెండువందల పద్నాలుగో కాగితం మీద మాత్రం
పేరుండాల్సిన చోట పురుగు తొలిచిన సన్నని దారి,
ఊరు తాడ్వాయి, ఏడాది అరవై ఎనిమిది,
ఉపయోగం దగ్గర వంకర నీలిసిరా:
"దేవర అడిగినప్పుడు."

అంతే.
రాసినాయన సంతకం ఒక గీత.

పదకొండేళ్లు చూశాను దాన్ని.
ఉమ్మెత్త కాదు. ఉమ్మెత్తనైతే కళ్లు మూసుకుని చెప్తాను,
శివరాత్రికి వెయ్యిస్తంభాల గుడి బయట
ముళ్లకాయలు పదికి మూడు;
కొని దేవుడికి పెడతారు, ప్రసాదం ఎవరూ అడగరు.
గంజాయి కాదు. అది పోలీసులే తెచ్చారొకసారి,
గుర్తుపట్టినందుకు చాయ్ తాగించారు.

రాత్రుళ్లు చదివాను:
ఎక్కడో ఎడారిలో ముళ్లు లేని చిన్న జెముడు,
ఎక్కడో వానడవిలో కుండలో ఉడికే తీగ,
మన దగ్గర, దంచి వడగట్టి పొగిడి పొగిడి
చివరికి ఎవరూ గుర్తుపట్టలేని సోమలత.
దానికి పేరు మిగిలి మొక్క పోయింది.
నా దగ్గర మొక్క మిగిలి పేరు పోయింది.

బీడీ కూడా ముట్టని నేను
ఓ సాయంత్రం తలుపు దగ్గరగా వేసి
ఆ ఆకు మీద ముక్కు పెట్టాను.
వాసన ఆకుది కాదు, ఉండలది.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో బస్సెక్కాను.
చెట్ల కింద నేల వాకిలిలా ఊడ్చి ఉంది,
ఒక్క పువ్వూ ఎవరూ నోట్లో వేసుకోలేదు.
పండుగ కాలేదింకా, దేవర తినలేదింకా.
"ఎలుగు తింటది, దానికి పండుగ లేదు"
అని పిల్లలు నవ్వారు.

వడ్డె ఇర్ప లచ్చుపటేలు నా ఫోన్‌ని
అంబలి డొప్పలా రెండు చేతులా పట్టుకున్నాడు.
"ఎన్నేండ్లాయె ఇది ఎండవట్టి?"
యాభై ఏడు.
"నీళ్లు?"
లేవు.
"అన్నన్నా! మేం మూడొద్దులు ఉపాసముంటెనే
కాళ్లు వణుకుతయి.
నువ్వు దాన్ని అడుగుడు గాదు బిడ్డా,
ఇగ అదే నిన్నడుగుతది."

తింటారా, తాగుతారా, ఏం కనిపిస్తుంది అన్నాను.
ఆయన చుట్ట ఆరిపోయేదాకా మాట్లాడలేదు.
"ఆకుతోని దేవర రాదు.
డోలు మోగాలె. పొద్దుగూకాలె.
ఇంట్లోళ్లు అలిగి ఉండొద్దు, అప్పులోడు గడపల ఉండొద్దు.
గివన్ని కుదిరినంక ఆకున్నా లేకున్నా ఒకటే."
మరి ఆకెందుకు?
"చుట్టమొస్తే చాపెందుకు?
నిలవడి గూడ మాట్లాడొచ్చు గద."

వెళ్లేటప్పుడు పేరు చెప్పాడు, వాళ్ల భాషలో.
మూడక్షరాలు, మధ్యలో నాలుక మడతపడేది.
రాయకు, అన్నాడు. రాస్తే పిలిచినా పలకదట.

రాయలేదు.
బస్సులో పెదాల మీద పెట్టుకుని కూర్చున్నాను,
చిల్లరడిగిన కండక్టర్‌కి తలూపాను,
పక్కాయన ఏ ఊరంటే చేత్తో ముందుకి చూపించాను.
ములుగులో పల్లీలమ్మే పిల్ల కిటికీ దగ్గరికొచ్చింది.
"ఎంతకు?" అన్నాను.

పోయింది.

మొదటి అక్షరం ఉంది కొంచెం,
అదీ మ-నో, న-నో.

సోమవారం ఉండలు మార్చాను.
పురుగు ఎంతవరకు చదివిందో
అంతవరకే ఉంచాను ఆ చీటీని.
తాళం వేసి, మెట్లు సగం ఎక్కి,
మళ్లీ దిగి వెళ్లి బీరువా తలుపు తట్టాను.
ఎందుకో తెలియదు.
ఇనుము పలికింది, కొద్దిసేపు.